మాట ముందు, చీర తర్వాత

మా మామయ్య చీరల దుకాణంలో ఒకే ఒక్క చట్టం. ముందు మాట, తర్వాత చీర. కొనడానికి వచ్చిన మనిషి తన నోటితో రంగు చెప్పేదాకా అరలోంచి ఒక్క చీర కూడా కిందికి దిగదు. తెల్ల గలీబు తొడిగిన గాదీ పరుపు మీద, లోడు దిండుకు ఆనుకుని కూర్చుని, మామయ్య అడుగుతాడు.

"ఏ రంగు అనుకున్నవ్ బిడ్డా?"

"ఎర్రది."

"ఏ ఎరుపు? ఇటుక ఎరుపా, దానిమ్మ గింజ ఎరుపా, పండుమిరపకాయనా?"

ఆ అమ్మాయి కాసేపు ఆలోచిస్తుంది. ఎండలో ఆటో దిగి, చెమట తుడుచుకుంటూ, చంద్రపూర్ బజారులో పది దుకాణాలు దాటుకుని వచ్చిన మనిషికి ఇదొక పరీక్ష. అయినా ఆలోచిస్తుంది. "దానిమ్మ గింజ లెక్క ఉండాలె, కానీ మెరవొద్దు," అంటుంది. అప్పుడు మామయ్య లేచి, ఎక్కడా వెతక్కుండా, ఒక్కటంటే ఒక్క చీర తీసి పరుస్తాడు. పదింట ఎనిమిదిసార్లు అదే చీర సంచీలోకి వెళ్తుంది.

"చూపెట్టుండ్రి, చూసి చెప్త," అన్నవాళ్ళకు మాత్రం చాయ్ వచ్చేది, చీర వచ్చేది కాదు. "పది పరిస్తే పదింటి మీదికీ మనసు పోతది, ఒక్కదాని మీద నిలువది," అనేవాడు. అన్నిటికంటే ఆయనకు కంటగింపు ఎవరంటే, పొద్దంతా అన్నీ విప్పించి చూసి, "రేపు మల్ల వస్త" అని లేచిపోయేవాళ్ళు. పక్క దుకాణాల్లో అలాంటివాళ్ళను చూసినా రెండు రోజులు అన్నం సహించేది కాదు ఆయనకు.

నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇదంతా పిచ్చి అనుకున్నాను. మాది కోర్పనా వైపు, మహారాష్ట్రలోనే, తెలంగాణ సరిహద్దు పల్లె, పత్తి వేసుకునే ఇల్లు. మా అమ్మ దుకాణంలోకి వెళ్తే ఏది ముందు కనబడితే అది కొనేది. ఇక్కడేమో నెమలికంఠం, ఉల్లిపొర, బచ్చలిపండు, మెంతిపిండి, పావురం మెడ అంటూ మాటల వర్షం. ఏడాది తిరిగేసరికి ఆ మాటలు నాకూ పట్టాయి. కూర మాడితే కూడా "వక్కరంగు వచ్చింది" అనడం మొదలుపెట్టాను.

మా అత్తమ్మకు మాత్రం ఈ మాటలతో పని లేదు. ఆమె కట్టే చీరలన్నీ ఒకే జాతివి. దసరా దాటి, దీపావళి దాటి, పెళ్ళిళ్ళు దాటి, ఎవరూ పేరు పెట్టి అడగక మూలఅరలో మిగిలిపోయినవి. మామయ్య ఏడాదికి రెండుసార్లు వాటిని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చేవాడు. "అంగట్ల అన్నీ ఉన్నయి, అల్లుని నోట్ల శని," అని అత్తమ్మ నవ్వి, కట్టుకునేది. అది సామెత కోసం అన్న సామెత అనుకుని మేమూ నవ్వేవాళ్ళం.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం మధ్యాహ్నం, బజారంతా షట్టర్లు సగం దించుకుని నిద్రపోతున్న వేళ, మామయ్య భోజనం దగ్గర ఒక మాట అన్నాడు.

"మోకాళ్ళు అయితలేవు. దీపావళి కాంగనే దుకాణం కిరాయికి ఇస్త. మొబైల్ కవర్లు అమ్మేటాయన అడుగుతుండు."

మా ఆయనకు కరెంటు కేంద్రంలో షిఫ్టు ఉద్యోగం. చీర అంటే ఆయనకు తెలిసింది ఒక్కటే, దారిలో ఆరేస్తే తల వంచి పోవాలని. "నన్ను అడగకుండ్రి," అని కంచం తీసుకుని లేచాడు. నేను మాత్రం లేవలేదు. పన్నెండేళ్ళుగా పొద్దున వంట ముగించుకుని దుకాణానికి వెళ్ళి, విప్పిన చీరలు మడతపెట్టి, అంచులు సర్ది, బీరువాల్లో వేపాకులు మార్చిన చేతులు నావి. అక్కడ ఫోను కవర్లు వేలాడతాయా?

"నేను కూసుంట మామయ్యా," అన్నాను.

"ఏడ? గాదీ మీదనా?"

"గాదీ మీదనే."

ఆయన నవ్వలేదు. నవ్వితే తిట్టుకోవడానికి తేలికగా ఉండేది. "ఆడమనిషివని అంటలేను బిడ్డా," అన్నాడు. "నీకు మడత పెట్టొస్తది. మాట తెప్పియ్యరాదు. వచ్చినామె మొకం జూసి నువ్వే పది చీరలు పరుస్తవు, నీకు జాలెక్కువ. గాదీ మీద కూసునేటోడు మాట తెప్పియ్యాలె."

అది నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. నేను పెళ్ళికి ముందు చంద్రపూర్‌లో కంప్యూటర్ కోర్సు చేసినదాన్ని. మూడేళ్ళు ఒక క్లాసులో పిల్లలకు టైపింగ్ నేర్పినదాన్ని కూడా. ఆ పొగరు ఇంకా కొంచెం మిగిలి ఉంది. "దుకాణానికి వెబ్ పేజీ చేస్త. అదే తెప్పిస్తది మాట," అన్నాను.

"ఫోన్లల్ల చీరలు నేను జూసిన. అన్నీ ముందే పరిచి పెడతరు. అది దుకాణమా, దండెమా?"

"మనది గట్ల ఉండది. ముందు మాటే కనబడుతది. మాట మీద చెయ్యి పెడితేనే చీర."

ఆయన మజ్జిగ తాగడం ఆపాడు. ఆ ఆపడంలోనే నాకు తెలిసింది, గాలానికి చిక్కాడని.

"సరే," అన్నాడు. "దసరా లోపల ఒక్క మనిషి నీ పేజీ జూసి, దుకాణానికొచ్చి, రంగు పేరు జెప్పి, చీర తీస్కపోవాలె. ఒక్క మనిషి చాలు. గాదీ నీది. లేకుంటే ఫోను కవర్లు."

అత్తమ్మ అన్నం వడ్డిస్తూ అంతా విన్నది. "సాక్షిని నేను," అన్నది.

పందెం కాయడం సులువే, పేజీ చేయడం కదా కష్టం. నెలల తరబడి వీడియోల్లో పాఠాలు వింటూ, కాపీ పుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నాను. తెల్ల కాగితం లాంటి పేజీ, దాని మీద వరసగా రంగుల పేర్లు, అంతే. ప్రతి పేరు వెనక చీర ఫోటో దాగి ఉంటుంది. పేజీ అలంకరణ రాసే చోట, బొమ్మకు "కనబడటం సున్నా" అని రాయాలి. మౌసు బాణం మాట మీద వాలగానే ఆ సున్నాను ఒకటి చేయాలి. చీర మెల్లగా తేలుతుంది. దాన్నే హోవర్ అంటారు. నాకైతే మామయ్యే ఆ కంప్యూటర్‌లోకి దూరి కూర్చున్నట్టు అనిపించింది.

పేర్లు రెండు లిపుల్లో రాశాను. పైన తెలుగు అక్షరాల్లో, కింద అదే తెలుగు మాట మరాఠీ అక్షరాల్లో. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు గడగడా మాట్లాడతారు. చదవమంటే మాత్రం కళ్ళద్దాలు మరిచిపోయామంటారు, కళ్ళద్దాలు లేనివాళ్ళు కూడా. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. "బచ్చలిపండు" సరిగ్గా రాయడానికి అత్తమ్మను మూడుసార్లు అడిగాను.

ఫోటోలు మేడ మీద తీశాను. ఒక చీర విప్పి ఆరేసి, రెండోది తెచ్చేసరికి మొదటిదాని మీద గనుల నుంచి వచ్చే బొగ్గు నుసి వాలేది. ఫోనేమో దాని ఇష్టమొచ్చిన రంగు చూపించేది. మామయ్య ఒక్కో ఫోటో చూసి పెదవి విరిచేవాడు. "ఇది బచ్చలిపండా? జ్వరమొచ్చిన బచ్చలిపండు. ఇది మెంతిపిండి గాదు, మెంతిపిండిల ఎవలో నీళ్ళు కలిపిండ్రు." పొద్దున ఏడు గంటల వెలుతురులో తీస్తే కొంచెం శాంతించాడు.

పేజీ మొదటిసారి చూపించిన రోజు ఇంకో తమాషా. దుకాణంలో పాత కంప్యూటర్ ముందు ఆయనను కూర్చోబెట్టి, బాణాన్ని "నెమలికంఠం" మీద పెట్టాను. చీర వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. గుడి బయట మెరుపు బల్బుల మాదిరి టకటకా కొట్టుకుంది.

"కన్నుగొడుతుందేందే నీ చీర?" అన్నాడు మామయ్య. "మంచి ఇంటి చీరలు గిట్ల జెయ్యవు."

నా ముఖం మాడిపోయింది. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది. మాట మీద బాణం వాలితే బొమ్మ వస్తుంది. వచ్చిన బొమ్మ బాణం కిందికే దూరుతుంది. అప్పుడు బాణం బొమ్మ మీద ఉంటుంది, మాట మీద ఉండదు. కాబట్టి బొమ్మ పోతుంది. పోగానే బాణం మళ్ళీ మాట మీద పడుతుంది, బొమ్మ మళ్ళీ వస్తుంది. బొమ్మకు బాణం తగలనట్టే చూడమని ఒక్క వరస రాస్తే గొడవ సద్దుమణిగింది. అత్తాకోడళ్ళ గొడవలకు కూడా అలాంటి వరస ఒకటి ఉంటే బాగుండునని అత్తమ్మతో అంటే, "రాస్తే నాకు తగలకుంట రాయి, నీకు తగిలినా పర్వలేదు," అన్నది.

సరిదిద్దిన పేజీ మామయ్యకు తెగ నచ్చింది. అది ఆయన పేజీలా మారిపోయింది. ఖాళీ దొరికితే మౌసు పట్టుకుని కూర్చునేవాడు. మాట మీద బాణం పెట్టి, చీర తేలగానే, రెండు క్షణాలకు బాణం పక్కకు లాగేసేవాడు. "ఎక్కువసేపు చూపెడితే అలుసైతది," అనేవాడు. నా చేతిలో మౌసు ఉంటే, "తీయ్, తీయ్, చూసింది చాలు," అని కోప్పడేవాడు. ఎవరు చూశారో దేవుడికే తెలియాలి.

పేజీ లంకెను బంధువుల వాట్సాప్ గుంపుల్లోకి, పాత గిరాకీలందరికీ పంపాను. గడ్‌చాందూర్ సిమెంటు కాలనీల దాకా వెళ్ళింది. ఆ సాయంత్రం అత్తమ్మ తన ఫోను చేతికందినంత దూరం పెట్టుకుని చూస్తూ అన్నది.

"పిల్లా, నా ఫోన్ల మాటలే ఉన్నయి. చీరలు లేవు."

"మాట మీద బాణం పెట్టాలె అత్తమ్మా," అన్నాను, గిన్నెలు తోముతూ.

"బాణం ఏడుంది?"

మామయ్య పేపర్ దించకుండానే అందుకున్నాడు. "ఆడరాక మద్దెల ఓడన్నట్టు, చూడరాక ఫోన్ మీద పెడుతుంది మీ అత్త."

నేను కిసుక్కున నవ్వాను. అత్తమ్మ ఫోను బోర్లా పెట్టి, పప్పు తిరగమోత వేయడానికి వెళ్ళిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు నాకే గుచ్చుకుంటుంది.

తర్వాత రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. లేదంటే లేదని కాదు, వింత వింత సందేశాలు వచ్చేవి. గడ్‌చాందూర్ నుంచి మా పెద్ద వదిన, "కవిత్వం మొదలుపెట్టినవంట, మంచిగుంది," అని పంపింది. మా పల్లె నుంచి చిన్నమ్మ, "ఏంది బిడ్డా, కూరగాయల లిస్టు పంపినవ్? బచ్చలి, ఉల్లి, మెంతి, ఎన్ని తేవాలె?" అని అడిగింది. నన్ను ఆట పట్టిస్తున్నారనుకుని మూతి ముడుచుకున్నాను. దసరా దగ్గరపడుతోంది. ఫోను కవర్లాయన టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలిచి వెళ్ళాడు. గాదీ పొడవు కూడా కొలిచాడు, "ఇది తీసేస్తే స్టాండు పడుతది," అన్నాడు. నాకు ఆ టేపు లాక్కుని మురికి కాలవలో వేయాలనిపించింది. చాయ్ ఇచ్చి పంపాను.

దసరాకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయనగా, లాల్‌పేట్ గనుల కాలనీ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా ఫోను ముందుకు చాపింది.

"ఇగో, ఈ పావురం మెడ అంటే నక్కీ, పక్కాగ, ఏ రంగో చెప్పుండ్రి. మూడు దినాల సంది మా ఇంట్ల లొల్లి. మా అత్త బూడిద అంటది. నేను ఆకుపచ్చ అంటున్న. పక్కింటి అక్క ఊదా అంటది. ముగ్గురం మాటలు బందు పెట్టుకున్నం."

నేను ఆమె ఫోను చేతిలోకి తీసుకున్నాను. తెల్ల పేజీ. వరసగా మాటలు. వేలు పెట్టి నొక్కాను. మాట. గట్టిగా నొక్కాను. మాటే.

వేలికి వాలడం రాదు. వేలు తగులుతుంది, లేస్తుంది. బాణంలా ఊరికే మాట పైన నిలబడి ఉండటం దానికి చేతకాదు. పైగా పాఠం నుంచి నేను అర్థం కాకుండా ఎత్తిరాసుకున్న ఒక వరస ఉంది, మౌసు ఉన్న యంత్రాల్లో మాత్రమే ఈ తంతు జరిపించు అని. మా గిరాకీల్లో మౌసు ఉన్న మనిషి ఎవరు? ఒక్కడు, మా మామయ్య. రెండు వారాలుగా చీరలు చూస్తున్నది ప్రపంచం మొత్తంలో ఆయనొక్కడే.

నా ఫోనులో నేను చూసుకోలేదా అంటే, చూసుకున్నాను. పేజీ తెరిచాను, మాటలన్నీ వరసగా వచ్చాయి, తృప్తిగా మూసేశాను. ఇంకో దుకాణం కోడలైతే "చీరలేవి" అని ఉలిక్కిపడేది. మా దుకాణంలో మాటలు మాత్రమే కనబడటం తప్పు కాదు కదా. పన్నెండేళ్ళు మామయ్య చట్టం కింద బతికిన నాకు ఆ ఖాళీ పేజీ సంసారపక్షంగా, చక్కగానే కనిపించింది.

మామయ్యకు మాత్రం ఇవేమీ పట్టలేదు. ఆయన కళ్ళు వెలిగిపోయాయి. "నువ్వు ఆకుపచ్చ అన్నవా?" అని అడిగాడు. "ఎందుకన్నవ్?"

"మా ఇంటి మీద పావురాలు వాలుతయి గదా. ఎండల జూస్తే పచ్చగనే ఉంటది మెడ."

"మీ అత్త ఎప్పుడు జూస్తది పావురాలను?"

"పొద్దుగాల. చీకట్లనే లేస్తది ఆమె."

మామయ్య లేచి, వెతక్కుండా, ఒక చీర తీశాడు. ఒక పక్క నుంచి బూడిద. చేత్తో కొంచెం తిప్పాడు, ఆకుపచ్చ. ఇంకొంచెం తిప్పి మడత విరిచాడు, ఊదా. "ముగ్గురూ గెలిచిండ్రు," అన్నాడు. "పోయి మాట్లాడుకోండ్రి."

ఆమె చీర తీసుకుని వెళ్ళింది. ఇంటికి పోయి ముందు అత్తకే చూపిస్తానని చెప్పి మరీ వెళ్ళింది. నేను గాదీ అంచున కూర్చుండిపోయాను.

"మామయ్యా," అన్నాను చివరికి. "పందెం."

"ఏం పందెం?"

"పేజీ జూసి వచ్చింది. రంగు పేరు జెప్పింది. చీర తీస్కపోయింది."

ఆయన లోడు సర్దుకున్నాడు. "పేజీ జూసి రాలే. పేజీ చెడిపోతే వచ్చింది. నీ పేజీ మంచిగ పనిజేసి ఉంటే ఇంట్లనే చీర జూస్తుండె, లొల్లి కాకపోతుండె, గడప దాటకపోతుండె. చెడిపోయిన పేజీకి గాదీ ఎట్ల ఇస్తరు?"

వకీలు కావలసిన మనిషి చీరల్లో పడ్డాడు. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాక కేసు అత్తమ్మ ముందుకు వచ్చింది. ఆమె ఇద్దరి వాదనలూ వింటూ జొన్నరొట్టె తట్టింది. పెనం మీద వేసి, తిప్పి, అప్పుడు నోరు తెరిచింది.

"మీరు ఏమన్నరు? పేజీ జూసి, పేరు జెప్పి తీస్కపోవాలె అన్నరు. చీర బొమ్మ జూసి అన్నరా?"

మామయ్య నీళ్ళ చెంబు అందుకున్నాడు.

"అనలే. మాట ముందు, చీర తర్వాత. ఆమె మాటే జూసింది, మాటే జెప్పింది, చీర తర్వాతనే జూసింది. మీ చట్టమే నడిచింది. గాదీ పిల్లది." రొట్టె ఆయన కంచంలో వేసింది. "ఇంగో మాట. ఫోన్ల మాటలే ఉన్నయని రెండు వారాల కింద నేను జెప్పిన. ఎవలన్న ఇన్నరా?"

మామయ్య తన కంచంలోకి చూశాడు. నేను నా కంచంలోకి చూశాను. ఆ పూట రొట్టెలు చాలా శ్రద్ధగా తిన్నాం ఇద్దరం.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచి, దీపం పెట్టి, మామయ్య లోడు తీసి నా చేతికి ఇచ్చాడు. "కూసో," అన్నాడు. గాదీ మీద కూర్చుంటే దుకాణం వేరేగా కనిపించింది. అరలన్నీ చేతికి అందేంత దగ్గరగా, వాకిలి మాత్రం చాలా దూరంగా. ఆయన వెళ్ళి గిరాకీలు కూర్చునే వైపు, మోకాలు చాపుకుని కూర్చున్నాడు.

"బోణీ నాదే," అన్నాడు. "మీ అత్తకు ఒక చీర తియ్యి. సాక్ష్యం జెప్పింది గదా."

నాకు నవ్వు వచ్చింది. గొంతు సవరించుకుని, అచ్చం ఆయనలాగే అడిగాను. "ఏ రంగు అనుకున్నరు మామయ్యా?"

"ఏదో ఒకటి తియ్యి." ఆయన చెయ్యి తనంతట తానే మూలఅర వైపు లేచింది.

"గట్ల గాదు. పేరు జెప్పాలె."

ఆయన నోరు తెరిచాడు. ఏ ఊరామె అయినా రెండు మాటలు మాట్లాడితే చాలు, ఏ రంగుకు మొగ్గుతుందో పట్టేసే మనిషి. గడ్‌చాందూర్ టీచరమ్మకు ఏ పసుపు నచ్చదో కూడా తెలుసు ఆయనకు. తెరిచిన నోరు అలాగే ఉంది. మూలఅర వైపు లేచిన చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగింది. నేను ఆట పట్టిద్దామని అడిగాను గానీ, ఆ ముఖం చూశాక నా నవ్వు ఎటో పోయింది. అత్తమ్మకు ఏ రంగు ఇష్టమో నాకూ తెలియదు. పన్నెండేళ్ళు ఒకే వంటింట్లో ఉన్నాను. ఆమె ఉప్పు ఎంత వేస్తుందో తెలుసు, రంగు తెలియదు. నేనూ ఎన్నడూ అడగలేదు.

మామయ్య ఫోను తీశాడు. స్పీకర్‌లో పెట్టడం ఆయనకు అలవాటు, వద్దన్నా పెడతాడు.

"ఏమే, నీకు ఏ రంగు ఇష్టం?"

అవతల కుక్కర్ కూత ఒకటి వినబడింది.

"పానం మంచిగుందా మీకు?" అన్నది అత్తమ్మ.

"మంచిగనే ఉంది. రంగు జెప్పు."

"పిల్ల ఏడుంది? నీళ్ళు తాపుమనుండ్రి." ఇంకో కూత. "ఉండుండ్రి, నేనే వస్తున్న."

అరగంటలో ఆటో దిగింది. దుకాణం మాదే అయినా ఆమె అక్కడికి రావడం ఏడాదికి ఒక్కసారి, దీపావళి పూజకు. చెప్పులు వాకిట్లో విడిచి, మామయ్య బాగానే ఉన్నాడని కళ్ళతో ఒకసారి చూసుకుని, గాదీ అంచున సర్దుకుని కూర్చున్నది. కట్టుకున్నది కిందటేడాది మూలఅర చీరే. దానికి పేరేంటో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఏ రంగు అనుకున్నరు అత్తమ్మా?" అని అడిగాను.

ఆమె అరల వైపు చూసింది. కింద నుంచి పైదాకా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.

"నాకు తెల్వది బిడ్డా. ఎవలన్న అడిగితే గదా తెలిసేది. అన్నీ తియ్యి, చూస్త."

నేను మామయ్య ముఖంలోకి చూశాను. గాదీ నాదే. కానీ చట్టం ఆయనది. ఆయన నావైపు చూడలేదు.

"తియ్యి," అన్నాడు.

తీశాను. ఇటుక, దానిమ్మ గింజ, పండుమిరపకాయ. నెమలికంఠం, ఉల్లిపొర, మెంతిపిండి. నేను పరుస్తుంటే ఆమె ఒక్కోదాన్ని చేత్తో రాసి చూసి, "దీన్నేమంటరు?" అని అడిగేది. మామయ్య పేరు చెప్పేవాడు. జ్వరం లేని బచ్చలిపండు చూసి, "బచ్చలి నేను ఎన్నేండ్ల సంది వండుతున్న, దాని పండు ఇంత మంచి చీరయితదని తెల్వదు," అని నవ్వింది. కాసేపటికి గాదీ తెలుపు ఎక్కడా కనబడకుండా పోయింది. మామయ్య మోకాళ్ళ మీద వంగి, విప్పినవి విప్పినట్టు మడతపెడుతున్నాడు. ఆ పని పన్నెండేళ్ళుగా నాది. అంచులు కలవడం లేదు ఆయనకు. ఎవరో ఇద్దరు వాకిట్లోకి వచ్చి తొంగిచూశారు. "కూసోండమ్మా, గిరాకీ నడుస్తుంది," అన్నాడు ఆయన.

పన్నెండు కొట్టింది. పై రెండు వరసలు తప్ప అన్నీ దిగాయి. అత్తమ్మ లేచి, కుచ్చిళ్ళు దులుపుకున్నది. చేతిలో ఏమీ లేదు.

"ఇయ్యాల గాదు," అన్నది. "అన్నీ మంచిగనే ఉన్నయి. రేపు మల్ల వస్త."

మామయ్యకు అన్నం సహించనీయని మాటే అది. ఆమె చెప్పులు వేసుకుని, ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళింది. మామయ్య ఆమె ఆటో ఎక్కేదాకా వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆటో కదిలాక ఒళ్ళో ఉన్న చీర మడత మళ్ళీ విప్పి, అంచులు కలిపి, మొదటి నుంచి మడతపెట్టాడు.

"బిడ్డా," అన్నాడు. "ఆ పై వరసలవి పొద్దుగాలనే కిందికి దించి పెట్టు. మీ అత్త వచ్చేటాలకు చేతికి అందాలె."